రాణికి కుదిరిన సంబంధం

కుక్క నోరు తెరవగానే ఎండుచేపల వాసన గుప్పుమంటే నాకు నవ్వొస్తుంది. నిన్న శ్రీకాకుళంలో నా క్లినిక్‌కి వచ్చిన లాబ్రడార్ చెంప లోపల దూదిపుల్ల తిప్పబోతే అదే వాసన. పరీక్షకు ముందు ఏమీ పెట్టొద్దని చెప్పాను కదా అంటే, దాని యజమాని నేలచూపులు చూశాడు. అసలే నాకు ఓపిక తక్కువ. అయినా నిన్న కోపం రాలేదు, సుభద్ర మేడమ్ గుర్తొచ్చింది.

మేడమ్ విజయనగరంలో పశువైద్యురాలు. చదువు ముగించి నేను మొదట చేరింది ఆవిడ దగ్గరే. కట్టేది పొందూరు ఖద్దరు చీర, దాని నిండా కుక్క వెంట్రుకలు. గొంతు పెద్దది, నవ్వు ఇంకా పెద్దది. జాతికుక్కల్ని జతకట్టించే ముందు, తల్లిదండ్రుల నుంచి పిల్లలకు దిగే జబ్బులేమైనా ఉన్నాయేమో జన్యుపరీక్ష చేయించమని కనిపించినవాళ్ళకల్లా చెప్పేది. "కుక్కలకి జాతకాలు చూస్తున్నారట" అని ఎవరైనా ఆటపట్టిస్తే, "చూస్తున్నాను, మీదాన్నీ పట్టుకురండి" అనేది. ఆవిడతో పనిచేసినన్నాళ్ళూ నవ్వకుండా ఇంటికి వెళ్ళిన రోజు నాకు గుర్తులేదు.

కళింగపట్నంలో ఎండుచేపల వ్యాపారం చేసే అప్పలనర్సమ్మ మాకు పరిచయమైంది ఈ పరీక్షల వల్లే. ఆమె దగ్గర లక్ష్మి అనే లాబ్రడార్, దాని కూతురు రాణి ఉండేవి. లక్ష్మికి నడివయసులోనే చూపు పోయింది. పాతపట్నంలో ఉండే అప్పలనర్సమ్మ అన్న సూర్రావు దగ్గర, లక్ష్మికి తోడబుట్టిన మగకుక్క సింహం ఉంది. అన్నాచెల్లెళ్ళు రాణిని సింహానికి ఇవ్వాలని మాట అనేసుకున్నారు, తాంబూలాలు కూడా పుచ్చుకున్నారు.

"మేనమావ ఉండగా పైసంబంధం దేనికి డాక్టరమ్మా?" అంది అప్పలనర్సమ్మ.

మేడమ్ నవ్వలేదు. గడపలో కూర్చుని నిదానంగా చెప్పింది. లక్ష్మికి వచ్చింది మేడమ్ అనుమానిస్తున్న జబ్బే అయితే, దాని లోపం తల్లి నుంచీ తండ్రి నుంచీ రెండువైపులా వస్తేనే చూపు పోతుంది. తల్లివైపుది రాణికి ఎలాగూ వచ్చి ఉంటుంది. తండ్రివైపుదీ వచ్చి ఉంటే రాణి కళ్ళూ పోతాయి.

అప్పలనర్సమ్మ రాణిని దగ్గరికి లాక్కుంది. "నా గుంటకి కూడా సీకటేనా?"

"తెలీదమ్మా. తెలుసుకుందాం."

నమూనాలు తీసే రోజు సూర్రావు సింహాన్ని వెంటబెట్టుకుని వచ్చాడు. తిండి అవశేషాలు నోట్లో ఉంటే నమూనా పాడవుతుందని ముందే చెప్పాం. మేం వెళ్ళేసరికి మూడు కుక్కలూ మూతులు నాక్కుంటున్నాయి.

"ఏటి నర్సమ్మా, ఏటి పెట్టావు?" అంది మేడమ్.

"ఏపిన సేపలే. ఆకలి కడుపుతో పరీచ్చకి ఎవలైనా కూకుంటారేటి?"

నాకు చిర్రెత్తింది. మేడమ్ మాత్రం పొట్ట పట్టుకుని నవ్వింది. కుక్కలకు నీళ్ళు తాగించి, మళ్ళీ ఏమీ పెట్టొద్దని చెప్పి, "మాకు పరీక్ష లేదు కదా, మాకు వడ్డించు" అంది. అంత రుచైన చేపల పులుసు నేను మళ్ళీ తినలేదు. భోజనాలయ్యాక పడవల నీడలో కబుర్లు చెప్పుకుని, ఆ తర్వాత తీరిగ్గా దూదిపుల్లలు తీశాం.

ఫలితాలు వచ్చినప్పుడు ఫోన్ చేసి చెప్పేద్దామన్నాను. "ఫోన్ పెట్టేశాక ఆవిడ ఒక్కతే కూర్చుని ఏడుస్తుంది. పద, వెళ్దాం" అంది మేడమ్. సూర్రావునీ అక్కడికే రమ్మంది. వాకిట్లో అడుగుపెట్టగానే రాణి తల నిమురుతూ, "ఈ జబ్బుతో దీనికి చూపు పోదు" అని ముందు ఆ మాట చెప్పింది. అప్పలనర్సమ్మ కొంగుతో మొహం కప్పుకుని ఏడ్చి, వెంటనే నవ్వింది. ఆ తర్వాతే మిగతాది చెప్పింది మేడమ్. లక్ష్మిది ఆ జబ్బే. రాణిలో లోపం ఒకవైపుదే ఉంది. సింహంలోనూ అలాగే ఉంది. రెండూ బాగానే బతుకుతాయి, కానీ ఆ రెండింటినీ కలిపితే పిల్లల్లో కొన్నిటికి కళ్ళు పోవచ్చు.

సూర్రావు మొహం మాడ్చుకున్నాడు. "మాది మేనరికమే. మా పిల్లలు బాగానే ఉన్నారు. మా సింహం పనికిరాదంటే మా ఇల్లు పనికిరాదన్నట్టే."

"సింహం పనికిరాదని ఎవరన్నారు? ఈ లోపం లేని పిల్లని నేనే చూస్తాను. రాణికీ వరుణ్ణి చూస్తాను. మీ ఇద్దరి మధ్యా మాట పోనివ్వను" అంది మేడమ్.

అన్నట్టే విజయనగరంలో ఒక సంగీతం మాస్టారి ఇంట్లో, ఆ లోపం లేదని పరీక్షలో తేలిన మగకుక్కను పట్టుకుంది. మాస్టారు వెల్లుల్లి కూడా ముట్టని మనిషి, అప్పలనర్సమ్మది చేపల కొట్టు. అయినా మొదటిరోజే ఆమె ఆయన్ని అన్నియ్యా అని పిలిచింది. సూర్రావు మాత్రం చెల్లెలి గడప తొక్కడం మానేశాడు. సింహానికి సంబంధం చూస్తామన్నా వినలేదు. అప్పలనర్సమ్మ సంతోషంలో ఆ వెలితి ఉండిపోయింది.

రాణి పిల్లలు నడవడం మొదలుపెట్టాక మేడమ్ స్వయంగా పాతపట్నం వెళ్ళి సూర్రావును కారెక్కించుకుని వచ్చింది. అతను అంటీముట్టనట్టు గుమ్మం దగ్గరే నిలబడ్డాడు. చూపులేని లక్ష్మి వాకిట్లో పడుకుని ఉంది, మనవలు దాని మీద ఎక్కి దొర్లుతున్నాయి. సూర్రావు చాలాసేపు దాన్నే చూశాడు. తర్వాత గొంతుకూర్చుని తువ్వాలు కొస అటూ ఇటూ ఊపాడు. ఒక పిల్ల కళ్ళు దాని వెంటే తిరిగాయి.

"ఇది ముసిల్దయ్యేదాకా ఇలగే సూస్తాదా డాక్టరమ్మా?"

"ముసలితనంలో ఏ కళ్ళు ఎలా ఉంటాయో నేను చెప్పలేను. లక్ష్మికి వచ్చిన జబ్బు మాత్రం దీనికి రాదు. అది చెప్పగలను."

సూర్రావు ఆ పిల్లను తువ్వాల్లో చుట్టుకుని లేచాడు. "ఒసే నర్సీ, ఇది నాది. అన్నం ఎట్టు, ఆకలేస్తన్నాది" అన్నాడు. అప్పలనర్సమ్మ గబగబా లోపలికి వెళ్ళి పొయ్యి వెలిగించింది.

మేడమ్ పోయి రెండేళ్ళయింది. ఫలితం ఏదైనా నేను ఇప్పటికీ ఫోన్‌లో చెప్పను. మనిషి ఎదురుగా కూర్చుంటాను, ముందు కుక్క తల నిమురుతాను. తెలిసినంతవరకే చెబుతాను. చెప్పడం అయ్యాక వెంటనే లేచి రాను.