పన్నెండు కప్పులకు ఆరు సాసర్లు

మామగారి ఇంట్లో ఒకరు టీ, ఇంకొకరు కాఫీ తాగడం కుదరదు. తాగితే అందరూ టీ, లేకపోతే అందరూ కాఫీ. ఆదివారం సాయంత్రం కూతురూ అల్లుడూ వచ్చి ఇంట్లో ఆరుగురయ్యాక, చేతులెత్తి ఓటెయ్యందే పొయ్యి వెలగదు.

తప్పంతా అద్దాల బీరువాలోని సెట్టుదని ఆయన చెప్పేవారు. తన పాత సామాన్ల దుకాణం మూసేసిన రోజున అమ్మకుండా ఇంటికి తెచ్చుకున్నది అదొక్కటే. రెండు వందల ఏళ్ల నాటి ఇంగ్లండు పింగాణీ, నీలం అంచు మీద వెంట్రుకంత బంగారు గీత. టీకి వెడల్పు కప్పులు ఆరు, కాఫీకి నిటారు కప్పులు ఆరు, రెంటికీ కలిపి సాసర్లు ఆరే.

“ఆ రోజుల్లో అలాగే అమ్మేవాళ్లు. ఒక మనిషి ఒకేసారి రెండూ తాగడుగా.”

“నేనొక్కడినే కాఫీ తాగితే ఏ సాసరు ఏడుస్తుంది మామయ్యగారూ?” అనేవాడు అల్లుడు.

“సెట్టు మర్యాద చెడుతుంది.”

మూడు మూడు ఓట్లొచ్చిన రోజున అల్లుడు బావమరిదిని వరండాలోకి లాక్కెళ్లి, గడ్డం పట్టుకుని బతిమాలుకునేవాడు.

ఫిజిక్స్‌లో ఎమ్మెస్సీ చేసిన కోడలికి ఈ లెక్క రెండేళ్లుగా తేలలేదు. ఆరుగురు మనుషులు, ఆరు సాసర్లు. ఎవరేం తాగినా సరిపోవాలి. అడగడానికి తీరికేదీ, ఆమె బెంగంతా పది నెలల పాప మీదే. బల్ల ఎత్తూ, పాప చేతి పొడవూ టేపుతో కొలిచి, జానెడు తేడా ఉందని తేల్చుకున్నాకే కాస్త ఊపిరి పీల్చుకుంది. పాప బల్లగుడ్డ పట్టుకుని లాగుతుందన్న సంగతి మాత్రం ఆ లెక్కలోకి రాలేదు.

ఓ ఆదివారం, ఓట్లకు ముందే బల్ల మీద సర్దిన సాసర్లలో ఒకటి కిందపడి నాలుగు ముక్కలైంది.

కోడలు పాపను ఎత్తుకుని బిగుసుకుపోయింది. మామగారు ముక్కల వైపు చూడలేదు. పాప చేతివేళ్లూ కాలివేళ్లూ ఒక్కొక్కటే తిప్పి చూశారు.

“ఇరవై. అన్నీ ఉన్నాయి.”

“ప్రాణంలా చూసుకునే సెట్టు పాడైపోయింది మామయ్యగారూ.”

“సెట్టు పోతే పోయిందిలే. రూలు పోతుందేమోనని నా భయం.”

“అసలా రూలెందుకు? ఆరుగురికి ఆరు సాసర్లు ఎలాగూ సరిపోతాయిగా.”

ఆయన వంటింటి వైపు ఓ చూపు చూసి గొంతు తగ్గించారు. “ఈ ఇంట్లో లెక్క వచ్చింది నీకొక్కదానికే. మీ అత్తయ్య మోకాళ్ల సంగతి తెలుసుగా. తలా ఒకటి అడిగితే గంటసేపు పొయ్యి దగ్గర నిలబడుతుంది. ఎవరినీ కాదనదు, ఇంకొకరిని పొయ్యి ముట్టుకోనివ్వదు. కాసేపు కూర్చోమంటే, నేనేమైనా ముసలిదాన్నా అని నా మీదికి లేస్తుంది. సాసర్ల మీదికి తోసేస్తే నోరెత్తదు.”

చప్పుడు విని అల్లుడు వరండాలోంచి వచ్చాడు. ముక్కలు చూడగానే అతని ముఖం వెలిగిపోయింది.

“ఇక ఐదేనా? అయితే రూలు రద్దయినట్టే. నాకు కాఫీ.”

మామగారు కోడలి వైపు చూశారు.

“అదెలా కుదురుతుంది అన్నయ్యగారూ,” అంది కోడలు. “పన్నెండు కప్పులకి ఆరున్నప్పుడు సరిగ్గా సగం. ఇప్పుడు ఐదుతో భాగించండి, శేషం రెండు. ఆ రెండూ ఎక్కడ పెడతాం? ఇప్పుడు ఇంకా గట్టిగా పాటించాలి.”

ఎమ్మెస్సీ చదివిన మనిషి, ఒక్క మాట తడబడకుండా చెప్పేసింది. అల్లుడు వేళ్ల మీద లెక్కేసుకుని, మధ్యలో రెండుసార్లు ఆగి, “అవును, శేషం వస్తోంది,” అని ఒప్పుకున్నాడు.

“ఏం పెట్టమంటారు?” వంటింట్లోంచి అత్తగారి గొంతు వినిపించింది.

“టీకి ఎవరెవరు?” అన్నారు మామగారు.

కోడలు తన చెయ్యితోపాటు పాప చెయ్యి కూడా ఎత్తింది. ఆయన రెండూ లెక్కలో వేసుకున్నారు.