అంబులెన్సుకు వదిలిన దారి

2011, సీతాఫలాల కాలం. జనగామ అప్పటికి జిల్లా కాలేదు, వరంగల్ జిల్లాలో ఒక పట్టణం. అక్కడి కోర్టులో వకీలుగా నాకది పన్నెండో ఏడు. పేరుకు కోర్టే గానీ ఆ రోజుల్లో అది నడిచింది తక్కువ. ప్రత్యేక రాష్ట్రం కోసం వకీళ్లమంతా విధులు బహిష్కరించి, నల్లకోటు తొడుక్కుని పొద్దున్నే రోడ్డెక్కేవాళ్లం. "కోటు ఉతుకుడే గానీ కేసొక్కటి లేకపాయె" అని ఇంట్లో నా భార్య దెప్పేది.

నావి ఎక్కువగా యాక్సిడెంట్ కేసులు. బండి తాకి దెబ్బ తగిలినవాళ్ల తరఫున పరిహారం కోసం ట్రిబ్యునల్‌లో పిటిషన్ వేస్తాం. అక్కడ ముందు తేలాల్సింది నెగ్లిజెన్స్, అంటే అజాగ్రత్త ఎవరిదన్నది. కాలు పోయిందని చూపిస్తే చాలదు, ఎవరి తప్పు వల్ల పోయిందో రుజువు చెయ్యాలి. ఆ తప్పులో దెబ్బ తిన్న మనిషికీ వాటా ఉందని తేలితే ఆ మేరకు పరిహారం కోసేస్తారు. దాన్ని కాంట్రిబ్యూటరీ నెగ్లిజెన్స్ అంటారు. ఎన్ని కేసుల్లో ఆ మాట వాడానో లెక్క లేదు, దాని బరువు మాత్రం సక్రి కేసులోనే తెలిసింది.

ఆ రోజు సూర్యాపేట రోడ్డు మీద వంటావార్పు పెట్టుకున్నాం. నడిరోడ్డు మీద పొయ్యిలు పెట్టి, అక్కడే వండి, అక్కడే బంతిలో కూర్చుని తిని, సాయంత్రం దాకా బండ్లు ఆపెయ్యడం అప్పటి పద్ధతి. ఎన్ని రాళ్లు అడ్డం పెట్టినా ఎడమ పక్కన ఒక బండి పట్టేంత దారి మాత్రం వదిలేవాళ్లం. అది అంబులెన్సుకు. ఆ సంగతి బండ్లు నడిపేవాళ్లందరికీ తెలుసు. అలా వదిలినందుకు మాకు లోలోపల గర్వంగా కూడా ఉండేది.

దేవరుప్పుల దిక్కు తండా నుంచి గుగులోత్ సక్రి సీతాఫలాల గంప ఎత్తుకుని వచ్చింది. నలభై దాటి ఉంటాయి. భర్త పోయాడు, ఒక్కతే ఉంటుంది. బస్సులు లేక సగం దూరం ఎవరిదో ట్రాక్టర్ ఎక్కి, మిగతాది నడిచిందట. రోడ్డుకు దూరంగా, మూసేసిన టీకొట్టు నీడలో గంప దించుకుంది. నేను పులిహోర కలుపుతూ చూశాను.

"అక్కా, గాడ కూసుంటె ఎవరు కొంటరు? ఇటు రా. తిన్నోళ్లంత నీ పండ్లే కొంటరు" అన్నాను.

ఆమె వచ్చింది. పొయ్యిల దగ్గర జాగా లేదు. గంప నేనే అందుకుని ఆ వదిలిన దారి అంచున పెట్టాను. మంచి పని చేశాననే అనుకున్నాను.

ఇంకా ఆకులు వెయ్యకముందే ఒక డీసీఎం, అంటే లారీ కన్నా చిన్న సరుకు బండి, ఆగిన వరుసలోంచి బయటికి వచ్చి అంబులెన్సు దారిలోకి దూసుకొచ్చింది. సక్రి తన గంపను పక్కకు లాక్కోబోయింది. ఎడమ కాలు వెనక చక్రం కింద పడింది.

డ్రైవర్ని గల్లా పట్టి కిందికి గుంజారు. అతను రెండు చేతులూ జోడించి, "అన్నా, మాది భూపాలపల్లి. నేను మనోన్నే. జై తెలంగాణ" అన్నాడు. అంతే, గల్లా పట్టిన చేతులు వదిలేశాయి. మా నినాదం ఇచ్చినవాణ్ని మేమెట్లా కొడతాం? పోలీసులు వస్తే కార్యక్రమం పాడవుతుందని మేమే రాళ్లు జరిపి ఆ బండిని పంపేశాం. వకీలు అలవాటు కొద్దీ నంబరు ఒక్కటి అరచేతిలో రాసుకున్నాను.

సక్రిని ఆటోలో దవాఖానకు తీసుకుపోయాను. ఇలాంటి దెబ్బలతో ఎవరొచ్చినా డ్యూటీ డాక్టర్ ఎంఎల్‌సీ రాస్తాడు. దెబ్బ ఎలా తగిలిందో రాసి పోలీసులకు పంపే కాగితం అది. "ఎట్ల తాకింది?" అని అడిగాడు. వంటావార్పు అని రాస్తే అక్కడున్న నలభై మంది మీదా కేసులవుతాయి. మా మొహాలన్నీ కళ్ల ముందు మెదిలాయి.

"ఆటో దిగుతుంటె జారి చక్రం కింద పడ్డది. ఆటో ఎవరిదో తెల్వదు" అన్నాను.

స్ట్రెచర్ మీద నుంచి సక్రి నా వైపు చూసింది. అంతేనా అమ్మా అని డాక్టర్ అడిగితే, "సారు చెప్పినట్టే" అని వేలిముద్ర వేసింది. ఆమె కేసును నేను నా నోటితోనే చంపుకున్నానని అప్పుడు తట్టలేదు.

కాలు మోకాలి కింది దాకా తీసేశారు. రెండు నెలలకు చంకకర్రతో మా ఇంటికొచ్చింది. "గంప ఎత్తుకోని ఊరూరు తిరిగేదాన్ని సారు. ఇగ ఒక్క జాగల కూసోని అమ్ముకోవాలె. స్టేషన్ కాడ చిన్న డబ్బా ఏసుకుంటె నా బతుకు ఎల్తది" అంది. ఆమె అడిగింది ఆ డబ్బా కొట్టు ఒక్కటే. పోలీసులకు ఆలస్యంగా ఫిర్యాదు ఇప్పించి, వరంగల్ ట్రిబ్యునల్‌లో పిటిషన్ వేశాను. డీసీఎం బీమా కంపెనీ తన జవాబుకు ఒక్కటే కాగితం జత చేసింది. అది ఆ ఎంఎల్‌సీ.

ఇక సాక్షులు కావాలి. ఆ రోజు పులిహోర తిన్న ప్రతి ఒక్కరి ఇంటికీ తిరిగాను. "మల్ల మా మీద కేసులైతయన్నా" అన్నారు. అందులో అబద్ధం లేదు. నాతో కలిసి చదువుకున్న వకీలు ఒకడు మాత్రం ముఖం మీదే అడిగాడు. "ఉద్యమం మీద మచ్చ ఏస్తవా? నువ్వు ఎవల దిక్కు?"

మిగిలింది నేను. సాక్షి చెప్పేవాడు అదే కేసులో వకీలుగా ఉండకూడదు. కేసును హన్మకొండలో తెలిసిన ఒక వకీలుకు అప్పగించాను. ఆ కబురు జనగామ కోర్టుకు నాకంటే ముందే చేరింది. మరునాటి నుంచి క్యాంటీన్‌లో నేను కూర్చున్న బల్ల దగ్గరికి ఎవరూ రాలేదు. తిట్టినా బాగుండేది. అందరూ మర్యాదగా తలూపి పక్క బల్లకు పోయేవాళ్లు. రెండేళ్లు ఒక్కణ్నే టీ తాగాను. ఉద్యమంలో అంతమంది మధ్య తిరిగినవాణ్ని, చాలా కష్టంగా ఉండేది.

వాయిదాలకు సక్రీ నేనూ ఒకే రైల్లో పోయేవాళ్లం. బెంచీకి ఒక చివర ఆమె, ఇంకో చివర నేను, మధ్యలో చంకకర్ర. పెద్దగా మాట్లాడుకునేవాళ్లం కాదు. ఆమెకు నేను తప్ప ఆ కోర్టులో ఎవరూ తెలియదు. నాకూ అప్పుడు దాదాపు అంతే.

2013లో బోనెక్కాను, నల్లకోటు లేకుండా. కంపెనీ వకీలు ఎంఎల్‌సీ చూపించాడు.

"ఇది మీరు చెప్పిందేనా?"

"నేను చెప్పిందే."

"అబద్ధమా?"

"అబద్ధమే. మా మీద కేసులైతయని భయపడి చెప్పిన."

హాల్లో గుసగుసలు లేచాయి. నాకు మాత్రం గుండె మీది రాయి దిగినట్టయింది. అతను కాగితం మడిచి, పోతూ పోతూ అడిగినట్టు ఇంకో ప్రశ్న వేశాడు.

"ఆమె రోడ్డు మీద ఎందుకు కూర్చుంది?"

సక్రి కింద బెంచీ మీద నుంచి నన్నే చూస్తోంది. అప్పటికే ఒక తప్పు ఒప్పుకున్నాను, రెండోది కూడా నా మీద వేసుకునే ధైర్యం చాలలేదు.

"పండ్లు అమ్ముకునెతందుకు" అన్నాను.

అది అబద్ధం కాదు. నన్ను నేను అలాగే సముదాయించుకుని దిగిపోయాను.

తీర్పు 2014 జూన్‌లో, కొత్త రాష్ట్రం వచ్చిన వారంలోనే వచ్చింది. డీసీఎం తాకిన మాట ట్రిబ్యునల్ నమ్మింది. అయితే తన వ్యాపారం కోసం తనే వచ్చి రోడ్డు మీద కూర్చున్నట్టు సాక్షి చెప్పాడు కనుక సగం తప్పు ఆమెదేనని రాసింది. జనగామలో ఇంకా రంగులు చల్లుకుంటున్నారు. నా చొక్కా మీదా ఎవరో చల్లారు. రెండేళ్ల తర్వాత నన్ను ఒకడు పట్టుకుని కౌగిలించుకున్నాడు కూడా. ఆ చొక్కాతోనే తండాకు పోయాను.

సక్రి గుడిసె ముందు చాప మీద కూర్చుని ఉంది. చెప్పాను.

"డబ్బాకు సరిపోతయా సారు?"

"సరిపోవక్కా. సగం తప్పు నీదే అని కోసిన్రు."

కొంతసేపు చంకకర్రను ఒడిలో పెట్టుకుని నిమిరింది.

"నాదేం తప్పు సారు? నేను నీడకు కూసుంటె నువ్వే గద పిలిసినవు. గంప గుడ నువ్వే పెడితివి."

"అవును."

"గా వకీలు అడిగిండు గద, ఎందుకు కూసున్నదని. నువ్వు చెప్తవనుకున్న."

ఆమె గొంతులో కోపం లేదు. ఉంటే నాకు కొంచెం తేలికయ్యేది.

"నీ తోటోళ్లంత నిన్ను ఇడిసిపెట్టిన్రు. గది నేను సూసిన. గందుకే కోర్టుల నేను నోరు తెరవలేదు" అంది.

హైకోర్టుకు అప్పీలు పోయాం. గంప అక్కడ పెట్టింది నేనేనని మొదటి వాక్యంలోనే రాసి అఫిడవిట్ ఇచ్చాను. చెప్పాల్సిన చోట చెప్పని మాటను ఇప్పుడు వినలేమని పక్కన పెట్టారు. చట్టప్రకారం వాళ్లు చేసింది సరైనదే. ఆ తర్వాత నా దగ్గరికి ఏ యాక్సిడెంట్ కేసు వచ్చినా బండి సంగతి తర్వాత అడుగుతాను. మిమ్మల్ని అక్కడికి పిలిచింది ఎవరు, నిలబడమన్నది ఎవరు అని ముందు అడిగి రాసుకుంటాను. తప్పు ఎవరిదో తేల్చే పనిలో ఇన్నేళ్లున్న నాకు ఈ కేసు నేర్పింది అదే.

సీతాఫలాల కాలంలో సక్రి ఇప్పటికీ జనగామ స్టేషన్ బయట గోనెపట్టా పరుచుకుని కూర్చుంటుంది. పదకొండు దాటితే అక్కడ ఎండ పడుతుంది. నాలుగడుగుల అవతల గోడ నీడ ఉంటుంది. రైలుకు పోతూ ఆమెను చూసినప్పుడల్లా, అక్కా, నీడకు వచ్చి కూసో అనాలని నోటిదాకా వస్తుంది. అనను.