చీటీ అంటించిన బొమ్మకార్డు

టీచరమ్మగారు పోయారని ఆమె చెల్లెలుగారు ఫోన్ చేసేసరికి నేను విజయవాడ గవర్నర్‌పేటలో జిరాక్స్ షాపు ముందు నిలబడి ఉన్నాను. చేతిలో నా కొత్త కరపత్రం ఉంది. అందులో ఒక పదం ఒప్పో తప్పో తెలియక కింద గీత గీసుకుని, సాయంత్రం మా ఊరు కంకిపాడు వెళ్ళి ఆమెనే అడుగుదామనుకున్నాను. ఆ గీత అలాగే ఉంది.

ఆమె మా పక్కింటావిడ, బళ్ళో నాకు తెలుగు చెప్పిన టీచరు. మా ఇంట్లో చర్చికి వెళ్ళేవాళ్ళు లేరు. అయినా ఆదివారం సాయంత్రం ఆమె వరండాలో పిల్లలకు పాటలు నేర్పుతుంటే నేనూ వెళ్ళి కూర్చునేవాణ్ణి. పాట మొదలుపెట్టమని నోటితో చెప్పేవారు కాదు. చెరకు రసం మిషను తిప్పినట్టు కుడిచేతిని గాల్లో గుండ్రంగా తిప్పేవారు. చెయ్యి ఆగితే మేమూ ఆగాలి.

ఆ అలవాటు ఎక్కడిదో ఆమె దాచుకున్న బొమ్మకార్డులు చూశాక తెలిసింది. మొత్తం ఏడు. రేడియో లేని కాలంలో అమెరికాలో అమ్మిన పాటల పెట్టెలకు ప్రకటనలు అవి. హ్యాండిల్ తిప్పితే చిల్లులు పొడిచిన కాగితపు చుట్ట కదిలి, పెట్టె దానంతటదే వాయిస్తుందట. ఒక కార్డు మీద పిల్లులు డాన్సు చేస్తుంటాయి. ఆమెకు ఇష్టమైన కార్డు మీద ఎర్రగౌను పిల్ల ఒకతె హ్యాండిల్ మీద చెయ్యి వేసి మనవైపు చూస్తుంటుంది. ఆ పెట్టెల పాట ఆమె ఎన్నడూ వినలేదు. "ఎట్లా మోగుద్దంటారు టీచర్?" అని అడిగితే, "ఇదిగో, ఇట్లా" అని చెయ్యి తిప్పేవారు. మేం పాడేవాళ్ళం.

అక్కడి చర్చిలవాళ్ళు ఆ కార్డులు పోగుచేసి ఇక్కడి క్రైస్తవ మిషన్లకు పంపేవారట. ఇక్కడ వెనకవైపు ప్రకటన మీద తెల్లచీటీ అంటించి, ఎందుకిస్తున్నారో రాసి, సండే స్కూలు పిల్లలకు బహుమతిగా ఇచ్చేవారు. ఎర్రగౌను కార్డు టీచరమ్మగారి అమ్మమ్మది. కూలికి పోయే ఇంట్లో మొదట అక్షరం నేర్చిన మనిషి ఆవిడ. "వానల్లో కూడా మానకుండా వచ్చినందుకు" అని చీటీ మీద ఉండేది. దాని కింద, వంకరటింకరగా, అమ్మమ్మ తన చేత్తో రాసుకున్న తన పేరు.

మూడేళ్ళ క్రితం నేను కరపత్రాలు చదవడం నుంచి రాయడంలోకి దిగాను. రాసిన ప్రతిదీ ఆమెకు చూపించేవాణ్ణి. ఎర్రపెన్నుతో దిద్దేవారు.

"దోపిడీ అని పేజీకి పదకొండుసార్లు రాశావు. రెండుచోట్ల ఉంచు, గట్టిగా వినపడుద్ది" అనేవారు. ఇంకోమాట కూడా అనేవారు. "కోప్పడు, తప్పులేదు. కోప్పడేముందు ఒకసారి అడుగు."

నేను అడగలేదు. పేదపిల్లలకు కంపెనీల ప్రకటనలు పంచి దాన్ని బహుమతి అన్నారని రాయాలనుకున్నాను. చీటీ అంచు దాటి ఇంగ్లీషు అక్షరాలు కనిపిస్తూనే ఉన్నాయి. రెండురోజులు చూసి ఇస్తానని కార్డు విజయవాడలో నా గదికి తెచ్చి, పళ్ళెంలో నీళ్ళు పోసి నానబెట్టాను. ముందు చీటీని ఫోటో తీయాలని కూడా తోచలేదు. నాకు కావలసింది కిందున్నది. చీటీ ఊడింది, ప్రకటన బయటపడింది. చీటీ మీది సిరా కరిగి పళ్ళెంలో నీళ్ళు ఊదారంగుకు తిరిగాయి. నా వేళ్ళ మధ్య తెల్లకాగితం మిగిలింది.

రెండురోజులు ఆమె ముఖం చూడలేకపోయాను. మూడోరోజు బస్సెక్కి వెళ్ళి, చిక్కుడుకాయలు ఒలుస్తున్న ఆమె ముందు కార్డూ కాగితమూ పెట్టి, జరిగింది చెప్పాను.

"పేరు కూడా పోయిందా?"

"పోయిందండి."

ఆమె కాగితాన్ని వెలుతురుకు పట్టి చాలాసేపు చూశారు. తర్వాత, "ఇంతకీ కింద ఏముందయ్యా?" అన్నారు.

"టీచరు అక్కర్లేకుండా ఎవరైనా వాయించవచ్చని ఉందండి."

"చూశావా, నా ఉద్యోగానికే ఎసరు పెట్టారు." నవ్వారు. పమిటచెంగుతో కళ్ళు తుడుచుకున్నారు. "పెన్సిలుతో రాసుంటే పోయేది కాదు" అన్నారు, తనలో తాను అనుకుంటున్నట్టు.

అదేమాట నేను రాసి అంటిస్తానన్నాను. "వద్దులే. నువ్వు రాస్తే అది మా అమ్మమ్మ రాసినట్టు అవుద్దా?"

ఆ కరపత్రం నేను రాయలేదు. రాయనందుకు ఆమే కోప్పడ్డారు. "కింద అచ్చయింది నిజమే, పైన చీటీలో ఉన్నదీ నిజమే. రెండూ రాయి" అనేవారు. పేరు చెరిపినందుకు మాత్రం నన్ను క్షమించారో లేదో ఎప్పుడూ అనలేదు. ఇతరులను నిలదీసి అడగడానికి వెనకాడని నాకు, ఆ ఒక్కమాట అడిగే ధైర్యం రాలేదు.

సమాధి దగ్గర పాటలయ్యాక చెల్లెలుగారు నా చేతిలో ఒక కవరు పెట్టారు. "అక్క నీకిమ్మంది బాబూ."

లోపల ఎర్రగౌను కార్డు ఉంది. వెనక కొత్త చీటీ. పై అంచుకు మాత్రమే అంటించారు, ఎత్తితే ప్రకటన మొత్తం కనిపిస్తుంది. చీటీ మీద పెన్సిలుతో, ఆమె గుండ్రటి అక్షరాల్లో, "దాచకుండా వచ్చి చెప్పినందుకు" అని ఉంది. దాని కింద పేరు రాసుకోవడానికి చోటు వదిలారు.

నేనింకా రాయలేదు. పెన్సిలు చెక్కి పక్కనే పెట్టుకున్నాను. కార్డు బల్ల మీద గోడకు ఆనించి ఉంది. ఎర్రగౌను పిల్ల హ్యాండిల్ మీద చెయ్యి వేసి, ఇక తిప్పడమే తరువాయి అన్నట్టు, నావైపు చూస్తోంది.