సిగ్నల్ బండ

పోచారం చెరువు కట్ట దాటి హఫీజా గుట్ట ఎక్కడం మొదలుపెట్టిందంటే పొద్దు వాలుతున్నదన్నమాటే. చెప్పులు జారతాయని కింద తుమ్మచెట్టు మొదట్లోనే విడిచేస్తుంది. చున్నీ కొంగున ముడివేసిన బటన్ ఫోను అడుగడుగునా ఎదకు తగులుతుంటే, సీతాఫలం కొమ్మలు పట్టుకుంటూ, మోకాళ్ల మీద చేతులాన్చి రొప్పుతూ ఎక్కుతుంది. ఒకప్పుడు ఈ బాటంతా మనుషులే. ఊళ్లో సిగ్నల్ ఉండేది కాదు; గల్ఫ్‌కు పోయినవాళ్ల మాట వినాలంటే ఈ గుట్టే దిక్కు. ఊళ్లోకి టవరు వచ్చాక బాట మీద గడ్డి మొలిచింది. హఫీజా ఒక్కతే మిగిలింది. మస్కట్ పోయిన మొగుడు జహూర్ గొంతు విని రెండు రంజాన్లు దాటాయి. గుట్ట కొసన, ఎందరో కూర్చుని నున్నబడిన బండ మీద కూర్చుని ఫోను ఆన్ చేస్తుంది. కింద చెరువు నీళ్లు నల్లబడేదాకా దాన్నే చూస్తుంది. తర్వాత ఆఫ్ చేసి మళ్లీ ముడివేసుకుంటుంది. ఇంట్లో మాత్రం ఆ ఫోను ఎన్నడూ ఆన్ చేయదు.

నిన్న ఆమె దిగివస్తుంటే, మేకలు తోలుకుపోతున్న రామవ్వ ఎదురై ఆపింది.

"ఏందే బిడ్డా, ఇంట్లనే సిగ్నల్ మంచిగొస్తది గద. ఇంకా గీ గుట్టెందుకు ఎక్కుతున్నవ్?"

హఫీజా వంగి అరికాలిలో ముల్లు తీసుకుంది. తల ఎత్తకుండానే అన్నది:

"ఇంట్ల పొద్దంత ఆన్ పెట్టినా మోగకపోతే, ఇగ చేస్తలేడనే గదా అవ్వా. గుట్ట మీదైతే, నేను దిగినంక చేసిండేమో అనుకుంట."