సుశీల మేడం ఖాతాకు నేను వేసిన తాళం

ఒక జిల్లాలోని బడులన్నింటినీ మధ్యాహ్న భోజనానికీ సాయంత్రం టీకీ మధ్య ఎలా మూసేయవచ్చో తెలుసుకోవాలంటే నన్ను అడగండి. సమ్మెలూ బందులూ అక్కర్లేదు. ఒక్క మీట చాలు. ఆ మీట నొక్కిన మహానుభావుణ్ణి నేనే. ఈ కథ ఇప్పటికి ఎన్నిసార్లు చెప్పానో, ఎవరెవరి పెళ్లి భోజనాల దగ్గర చెప్పించుకున్నారో లెక్కలేదు. విన్నవాళ్లు నవ్వి లేచిపోతారు. చెప్పినవాడికి మాత్రం ప్రతిసారీ ఆ మధ్యాహ్నం మళ్లీ గడిపినంత అలసట. మీరూ నవ్వండి, ఫరవాలేదు.

అప్పట్లో వనపర్తిలో నేను భౌతికశాస్త్రం చెప్పే సార్‌ను. ఏదో పనిమీద జిల్లా విద్యాశాఖ ఆఫీసుకు వెళ్లినప్పుడు అక్కడి ప్రింటర్‌లో ఇరుక్కున్న కాగితాన్ని లాగి బయటపడేశాను. నా జీవితంలో నేను చేసిన మొదటి తప్పు అదే. నెల తిరక్కుండానే "కంప్యూటర్ తెలిసిన మనిషి" అంటూ ఆఫీసర్ గారు నన్ను బడి నుంచి తెచ్చి ఒక తెర ముందు కూర్చోబెట్టారు.

పని చెబితే సులువుగానే ఉంటుంది. ప్రతి బడికీ ఇంటర్నెట్‌లో ఒక ఖాతా. పిల్లల పేర్లు, హాజరు, మార్కులు అన్నీ అందులోనే. అవి దాచిన పెద్ద కంప్యూటర్లు ఎక్కడుంటాయో మాకెవరికీ తెలియదు. ఆ చోటును క్లౌడ్ అంటారు. ఏ ఖాతా ఎవరు తెరుస్తున్నారు, ఎక్కడినుంచి తెరుస్తున్నారు, పరాయివాడెవడైనా దూరుతున్నాడా అని చూస్తూ కూర్చోవడం నా డ్యూటీ. మా నాయన జొన్నచేనులో మంచె మీద కావలి ఉండేవాడు. పిట్ట ఏదో, చేనుగలాయన ఎవరో ఆయనకు చూడగానే తెలిసేది. నా తెరమీద ఇద్దరూ ఒకే ఎర్రచుక్కలా కనిపించేవారు.

ఈ పనికోసం హైదరాబాదులో రెండు రోజులు శిక్షణ ఇచ్చారు. "దొంగ ముసుగేసుకుని రాడు. మీకు తెలిసినవాళ్ల పేరుతో వస్తాడు. ఫోన్ చేసి బతిమాలుతాడు. అస్సలు నమ్మకండి!" అని అక్కడి సారు బల్ల గుద్ది చెప్పాడు. ఆ మాటకింద రెండు గీతలు గీసుకున్నాను. అదొక్కటి రాసుకోకుండా ఉంటే ఇవాళ మీకు చెప్పడానికి ఏమీ ఉండేది కాదు.

ఇక ఆ రోజు. పదో తరగతి పిల్లల పేర్లు పరీక్షకు ఎక్కించడానికి చివరి రోజు. సాయంత్రం అయిదుతో గడువు సరి. పేరు ఎక్కని పిల్లకు ఆ ఏడు పోయినట్టే. నేను అన్నం డబ్బా కడుక్కుని వచ్చి కూర్చున్నానో లేదో, ఎర్రచుక్క వెలిగింది. అమరచింత దగ్గర ఒక హైస్కూలు హెడ్‌మిస్ట్రెస్ సుశీల మేడం ఖాతా. మధ్యాహ్నం రెండూ పదికి బడిలో తెరిచారు. రెండూ పదహారుకు రాయచూరులో తెరిచారు. రాయచూరంటే కర్ణాటక. మధ్యలో కృష్ణానది.

పక్క బల్ల దగ్గర సీనియర్ అసిస్టెంటు మణెమ్మ ఫైళ్లకు దారం కుడుతోంది.

"అక్కా, అమరచింత నుంచి రాయచూరుకు ఆరు నిమిషాలల్ల పోవొచ్చా?"

"బస్సులనా?"

"దేంట్లనైనా."

"గాలిమోటరుల పోయినా అంత జల్ది పోరు. ఏమైంది సార్?"

"మేడం ఖాతాల దొంగ వడ్డడు."

"గట్లనా? జర మేడానికి ఫోన్ చేసి అడుగరాదుండ్రి."

"ఫోన్ చేస్తే దొంగ హుషారైతడక్కా."

"దొంగ ఆమె ఫోన్ల గూడ ఉన్నడా?" అంది మణెమ్మ, సూది మీంచి తల ఎత్తకుండా.

ఇంత అజ్ఞానానికి జవాబు చెప్పేంత తీరిక నాకు లేదు. ఖాతాకు తాళం వేశాను.

అక్కడితో ఆగితే మనిషినే. కానీ ఒక దొంగను పట్టినవాడికి ఊళ్లోవాళ్లంతా దొంగల్లాగే కనిపిస్తారు కదా. మిగతా బడులవైపు చూశాను. ఒకటి రాయచూరు, ఒకటి బెంగుళూరు, తక్కినవన్నీ చెన్నై! జిల్లామీదికి పెద్ద ముఠాయే దిగిందని నిర్ధారించుకున్నాను. ఒక్కొక్కదానికి తాళం వేస్తూ కూర్చుంటే తెల్లారుతుంది. అన్నింటికీ కలిపి ఒక మీట ఉంది: తెలంగాణ బయటినుంచి వచ్చేవాళ్లెవరినీ లోపలికి రానివ్వకు. దాన్ని నొక్కి, కుర్చీలో వెనక్కి వాలాను. సరిహద్దు సైనికుడి ఫొటో తీసేవాళ్లుంటే సరిగ్గా ఆ భంగిమలో తీసేవాళ్లు.

తరువాత తెలిసిన సంగతేమిటంటే, తెరమీద కనిపించే ఊరు మనిషి కూర్చున్న ఊరు కానక్కర్లేదు. ఇంటర్నెట్ ఇచ్చే కంపెనీ తన లైనును ఏ ఊరి పేరున రాసుకుంటే ఆ ఊరే కనిపిస్తుంది. చాలా లైన్లు చెన్నై పేరునో బెంగుళూరు పేరునో ఉంటాయి. ఈ ముక్క శిక్షణలో రెండో రోజు చెప్పారట. రెండో రోజు బిర్యానీ పెట్టారు. నేను కళ్లు తెరిచే నిద్రపోయాను.

ఫోన్ మోగింది.

"రాములూ, నేను సుశీల మేడంను. నా ఖాతా తెరుస్తలేదు. జర చూడు నాయనా."

ఈ సుశీల మేడం నాకు కొత్తవారు కారు. ఎనిమిదీ తొమ్మిదీ తరగతుల్లో నాకు తెలుగు చెప్పిన మేడమే. గొంతు అచ్చం ఆమెదే. కానీ ఈ రోజుల్లో గొంతులు కూడా దొంగిలిస్తున్నారని చదివాను.

"మీరు ఇప్పుడు ఏడున్నరు?" అన్నాను, లాయరులాగా.

"రాయచూరుల."

దొంగ తనంతట తానే ఒప్పుకున్నందుకు నా గుండె ఉప్పొంగింది. "మరి బడిల మీ ఖాతా తెరిచిందెవరు?"

"మా లెక్కల సార్. పిల్లల పేర్లు ఎక్కియ్యమని నేనే పాస్‌వర్డ్ చెప్పిన. ఒక పిల్ల కాయితం కోసం నేను ఈడికొచ్చిన. టైము లేదు రాములూ."

"మీరు సుశీల మేడమే అని నేనెట్ల నమ్మాలె?"

అటువైపు బస్టాండులో హారన్లు మోగుతున్నాయి.

"ఎనిమిదిల పద్యం చదువుమంటే సగంల మరిచిపోయి, తక్కిన సగం సొంతంగ అల్లి చదివినవు. చాలా?"

"అది మా క్లాసుల అందరికీ తెలుసు."

"మంచిది. తొమ్మిదిల మార్కుల కాయితం మీద మీ నాయన సంతకం నువ్వే పెట్టి తెచ్చినవు. వెంకటయ్యను వెంకఠయ్య అని రాసినవు. మీ నాయన తన పేరు తాను తప్పు రాసుకోడని నిన్ను పక్కకు పిలిచి చెప్పిన. గది నాకూ నీకూ తప్ప ఎవ్వరికీ తెల్వదు. ఇప్పుడు ఈ బస్టాండంతకు తెలిసింది. ఇంకా కావాల్నా?"

ఫోన్ స్పీకరులో ఉంది. మణెమ్మకూ తెలిసింది.

"మేడం..." అన్నాను.

"మహేశ్వరి అని ఒక పిల్ల ఉంది రాములూ," అన్నారు మేడం. గొంతులో కోపం లేదు, అలుపు మాత్రమే ఉంది. "రెండేండ్లు బడి మాని మగ్గం మీద కూసుంది. ఎన్ని తాపలు వాళ్లింటికి తిరిగి తెచ్చుకున్ననో నాకు తెలుసు. రాయచూరు దవాఖానల పుట్టింది, పుట్టిన కాయితం ఈడనే ఉంది. పొద్దుగాల అడిగితే 'నాళె బన్ని' అన్నరు. రేపు రమ్మంటే ఇయ్యాల అయిదుకు ఎట్లైతదని, నేనూ పిల్లా ఆ కిటికీ ముందలనే కూసున్నం. ఇచ్చిండ్రు. కాయితం చేతికొచ్చినంక, ఫోన్లనే ఎక్కిద్దామంటే నువ్వు తలుపేసినవు."

గబగబా మీట వెనక్కి తిప్పబోయాను. తెరమీద ఒక వాక్యం వచ్చి నిలబడింది: మీరు తెలంగాణ బయట ఉన్నారు. మీకు ప్రవేశం లేదు.

వనపర్తిలో, నా కుర్చీలో, బస్టాండు మైకులో హైదరాబాదు బస్సు పిలుపు వింటూ నేను తెలంగాణ బయట ఉన్నాను. మా ఆఫీసు లైను కూడా చెన్నై పేరున ఉందన్నమాట.

హైదరాబాదు హెడ్డాఫీసుకు ఫోన్ చేశాను.

"ఎవరండీ మీరు?" అందొక అమ్మాయి.

"ఈ జిల్లా ఖాతాలకు కాపలా ఉండేవాణ్ణి."

"అది మీరేనని నమ్మకం ఏంటి?"

పక్కన మణెమ్మ దగ్గింది. అది దగ్గు కాదని నాకు తెలుసు.

ఆ అమ్మాయి చెప్పిన దారి ఒక్కటే. మా ఆఫీసర్ గారి ఫోన్‌కు ఒక కోడ్ వస్తుంది, అది చెబితే లోపలికి రానిస్తారు. ఆఫీసర్ గారు పాన్‌గల్‌లో ఏదో సభలో ఉన్నారు. ఎన్నిసార్లు చేసినా ఎత్తలేదు. ఈలోగా నా రెండో ఫోన్‌కు హెడ్మాస్టర్లు వరస కట్టారు.

"ఏంది సార్, పుట్టినకాన్నుంచి ఈ జిల్లాలనే ఉంటే నన్ను బయటోన్ని జేస్తివి?"

"ఒక్క పేరే మిగిలింది సార్, ఏం జెయ్యాలె?"

నాలుగున్నర దాటింది. నేను తల పట్టుకుని కూర్చున్నాను. మణెమ్మ సూది పక్కన పెట్టి, తన చిన్న ఫోన్ తీసి, ఆఫీసర్ గారి కారు డ్రైవరుకు చేసింది.

"నర్సిములు తమ్మీ, సార్ ఏడున్నడు?"

"స్టేజీ మీద మాట్లాడుతుండక్కా. ఫోన్ నా తాన్నే ఇచ్చి పోయిండు. ఏందో నంబరు వచ్చింది. చదువాల్నా?"

అయ్యా, చదివేవాళ్లారా, మూడు మండలాల్లో మీటింగులు పెట్టి "కోడ్ కన్నతండ్రికి కూడా చెప్పకూడదు" అని గొంతు చించుకున్నవాణ్ణి నేను. మణెమ్మ చేతిలోంచి ఫోన్ లాక్కుని ఏమన్నానో తెలుసా?

"చదువన్నా. జర గట్టిగ చదువు. నీ కాల్మొక్త."

మొదటిసారి ఒక అంకె మింగాడు. రెండోసారి సభలో చప్పట్లు మోగాయి. మూడోసారికి తలుపు తెరుచుకుంది. గోడ గడియారంలో అయిదుకు ఇంకా పన్నెండు నిమిషాలు. మీట వెనక్కి తిప్పి, మేడం తాళం తీసి ఫోన్ చేశాను.

"తెరిచిన మేడం."

"ఆగు. తిరుగుతుంది... ఇంకా తిరుగుతుంది..."

మణెమ్మ కుర్చీని నా బల్ల దగ్గరికి జరుపుకుంది.

"ఎక్కింది రా. మహేశ్వరి పేరు ఎక్కింది." వెనకాల ఒక ఆడపిల్ల గొంతు "మేడం, మన బస్సు పోతుంది, ఉరుకుండ్రి!" అని అరవడం వినబడి ఫోన్ ఆగిపోయింది. నేను బల్లమీద తల వాల్చాను. తక్కిన బడులవాళ్లు చాలామంది ముందే పని ముగించుకున్నారు. మిగిలిన ఇద్దరు ముగ్గురు ఆ పన్నెండు నిమిషాల్లో నన్ను తిట్టుకుంటూనే ఎక్కించారు. మర్నాడు మొదటిపనిగా ఆ లెక్కల సార్‌కు వేరే ఖాతా చేసిచ్చాను. సంగతి అక్కడితో ముగిసిందనుకున్నాను.

వారం తర్వాత ఆఫీసర్ గారు నన్ను పిలిచి, హైదరాబాదు నుంచి వచ్చిన ఉత్తరం నా ముందు పెట్టారు. దాని సారాంశం ఇది. మీ జిల్లాలో ఒక అనుమానాస్పద వ్యక్తి బడులన్నింటినీ ఒకేసారి బయటికి నెట్టినాడు. వెంటనే చెన్నై నుంచి చొరబడటానికి ప్రయత్నించినాడు. చివరకు తనది కాని ఫోన్‌కు వచ్చిన కోడ్‌తో లోపలికి ప్రవేశించినాడు. ఖాతాల కాపలా చూసే ఉద్యోగి స్వయంగా విచారణ జరిపి, మూడు రోజుల్లో ఈ వ్యక్తిని కనిపెట్టి నివేదిక పంపవలెను.

"చూసినవా రాములూ, ఎంత ఖతర్నాకోడో!" అన్నారు ఆఫీసర్ గారు పాపం, నిజంగానే భయపడుతూ. "వాన్ని మాత్రం ఇడవకు."

మూడు రోజులు అక్కర్లేదు, ఒక పూటలో విచారణ ముగించాను. "సదరు వ్యక్తి దొరికినాడు. ప్రశ్నించగా నేరం అంగీకరించినాడు. మనిషి బాగా అలసిపోయి ఉన్నందున ఇకపై ప్రమాదం లేదు" అని రాసి, కింద సంతకం చేశాను. ఈసారి నా పేరు నేనే, తప్పుల్లేకుండా.

కాబట్టి పెద్దలందరి ఎదుటా, కుడిచేయి కీబోర్డు మీద ఉంచి ప్రమాణం చేస్తున్నాను. ఇకముందు ఎవరి ఖాతాకైనా తాళం వేయాలనిపిస్తే, ముందు ఇంటికి వెళ్లి అన్నం తింటాను, కడుపునిండా నిద్రపోతాను. లేచాక కూడా వేయాలనే అనిపిస్తే, ఇంకొకరిని పిలిచి వాళ్లతో వేయిస్తాను.