పులికాట్‌లో కోదండం లెక్క

చనిపోయిన మనిషి ప్రతి ఆదివారం ఉదయం ఆరూ పదికి పక్షుల్ని లెక్కపెట్టి పంపుతున్నాడు. నేను పులికాట్‌కు బయలుదేరింది అందుకే.

తిరుపతిలో నా ఉద్యోగం, ఊరూరి నుంచి వచ్చే పక్షుల జాబితాలను ఒకే పద్ధతిలోకి తేవడం. పక్షి శాస్త్రీయనామం, తేదీ, చోటు, చూసినవారి పేరు సరిపోతేనే ‘సరిచూశాం’ అని నొక్కుతాను. అప్పుడు వాటిని ఏ దేశంవారైనా వాడుకోవచ్చు. పులికాట్‌లో పడవ నడిపే కోదండం ఎనిమిదేళ్లుగా జాబితాలు పంపేవాడు. కిందటి వానాకాలం జ్వరంతో పోయాడట. జాబితాలు మాత్రం ఆగలేదు. దొంగ లెక్కని తేలితే ఎనిమిదేళ్లవీ తీసెయ్యాలన్నారు పైవాళ్లు. సోమవారం లోపు తేల్చాలి.

శనివారం రెండింటికి బస్సెక్కి, నాయుడుపేట మీదుగా సాయంత్రానికి సూళ్లూరుపేటలో దిగాను. బస్టాండు పక్క లాడ్జి పర్వాలేదు గానీ, మీరు వెళితే దోమతెర పట్టుకెళ్లండి. సరస్సుకని చెప్పగానే బస్సులో పక్కాయన నన్ను ఎగాదిగా చూశాడు.

“మంచులో పడవ ఎక్కబాకప్పా. దోవ తెలీదు.”

అడగని సలహాలు నాకు గిట్టవు. మర్నాడు ఐదింటికే ఆటో ఎక్కాను.

ముందే ఫోన్ చేశాను కాబట్టి సరస్సు గట్టు మీద కోదండం భార్య చెంగమ్మ ఎదురుచూస్తోంది. పడవలో నడిమి పలక మీద కూర్చోబోయాను.

“ఆడొద్దు సార్. అది ఆయన సోటు.”

వెనక్కి సర్దుకున్నాను. మంచులో గట్టు మాయమైంది. గెడ నీళ్లలో దిగే చప్పుడు తప్ప ఏమీ లేదు. నీళ్లలో పాతిన ఒక కర్ర దగ్గర ఆమె పడవ ఆపింది. సరిగ్గా ఆరూ పది. మంచు కాస్త విడితే, ఎదురుగా ఫ్లెమింగోలు. ఒక్కటీ అరవడం లేదు.

“నూట పది,” అని గొణిగింది చెంగమ్మ. ఖాళీ పలక వైపు చెవి ఒగ్గి, తలూపింది. “కాదంట. నూట పద్నాలుగు.” అదే ఫోన్‌లో కొట్టింది.

నేను బైనాక్యులర్స్‌తో రెండుసార్లు లెక్కపెట్టాను. నూట పదే. ఫొటో తీసుకున్నాను.

“అమ్మా, ఆయన పేరెందుకు పెడుతున్నారు?”

ఈ సరస్సులో ఎవరు ఎప్పుడు ఎక్కడ వల వేయాలో వంతులున్నాయి. దాన్ని పాడు అంటారు. అది ఇంటి మగవాడి పేరున ఉంటుంది.

“వల పాడు మా మరిదికి పోయినాది సార్. ఈ లెక్కన్నా ఆయన పేరున ఉంటే, ఈ సోటు నా కాడే ఉంటాదనుకున్నా.”

జాబితాలో చోటుకు వంతులు లేవనీ, చూసిన మనిషి పేరే ఉండాలనీ చెప్పాను. ఆయన పోయాక వచ్చినవాటిలో పేరు నేనే దిద్దుతానన్నాను.

“ఆయన పాత లెక్కలు పోవు గదా?”

“అబద్ధం లేకపోతే పోవు.” అన్నానే గానీ, ఆ నూట పద్నాలుగు నన్ను పీకుతూనే ఉంది.

పదకొండింటి బస్సులో కిటికీ పక్క సీటు దొరికింది. నాయుడుపేట దాటాక ఫొటోను పెద్దది చేసి చూశాను. పెద్దవాటి కాళ్ల వెనక నాలుగు బూడిదరంగు పిల్లలు. నూట పద్నాలుగు. చెంగమ్మ చేతిలో బైనాక్యులర్స్ కూడా లేవు.

అంతలో ఆమె పొద్దుటి జాబితానే పేరు దిద్ది మళ్లీ పంపింది. చూసినవారు: చెంగమ్మ, కోదండం. ఆ గడిలో ఎన్ని పేర్లైనా పడతాయి. బతికున్నారా అని అడిగే గడి మా పద్ధతిలో లేదు.

ఆయన పేరు కొట్టెయ్యబోయి వేలు తీసేశాను. భయంతోనే ‘సరిచూశాం’ నొక్కాను. తిరుపతి వచ్చేదాకా నా పక్క ఖాళీ సీటు ఎవరడిగినా, మనిషి ఉన్నాడని చెప్పాను.