ఆ ఒక్క పేజీ అడిగిన పెద్దమ్మ

మా పక్కింటి పెద్దమ్మ పోయింది. పోయిన మంగళవారం పొద్దెక్కినా గొర్రెల దొడ్డి తలుపు తీయలేదని వెళ్ళి చూస్తే, మంచంలోనే ప్రాణం విడిచి ఉంది. పానగల్ దగ్గరి మా ఊళ్ళో నా ప్రవచనానికి వచ్చే మీ అందరికీ ఆమె తెలుసు. ముందు వరుసలో కూర్చొని, నేను గొంతు పెంచినప్పుడల్లా "జర మెల్లగ కొడుకా, దేవునికి చెముడు లేదు" అనేది.

ఆమె ఒక్కగానొక్క కొడుకు ట్రాన్స్‌ఫార్మర్ మీద చచ్చిపోయాడు. ఫ్యూజు పోతే మా దిక్కు లైన్‌మన్ కోసం చూడరు. సబ్‌స్టేషన్‌కు ఫోన్ చేసి, కరెంటు ఆపారనగానే చేతనైనవాడు ఎక్కుతాడు. ఆపకముందే ఎక్కాడని ఆఫీసువాళ్ళు అన్నారు, తాగి ఎక్కాడని ఊరు అంది. నిజం, కరెంటు ఎప్పుడు ఆపిందీ ఎప్పుడు వదిలిందీ రాసే సబ్‌స్టేషన్ రిజిస్టరులో ఉంది. ఆనాటి పేజీ ఒక్కటి చూడాలని తల్లి కోరిక.

సమాచార హక్కు దరఖాస్తు నేనే రాశాను. రెండు పేజీలు దంచాను. "స్తంభంలో ఉన్నాడా అని అడిగితే దేవుడే చీల్చుకొని వచ్చాడు. మీరెందుకు దాస్తున్నారు? ఎందుకు చంపారు?" నెలకు జవాబొచ్చింది: 'ఎందుకు' అన్నవాటికి సంజాయిషీ ఇవ్వడం చట్టంలో లేదు. చదివి వినిపిస్తే ఆమె నవ్వింది.

"గిది నీ పురాణం గాదు కొడుకా. గా పేజీ నకలు ఇయ్యుండ్రి. గంతే రాయి."

అంతే రాశాను. కానీ ఆలోపే ఆ చావు మీద విచారణ మొదలైంది, కనుక అది తేలేదాకా ఇవ్వకుండా మినహాయింపు ఉందన్నారు. మొదటిసారే అట్లా రాసి ఉంటే ఆ పేజీ ఆమె చేతికి వచ్చేదేమో. నా నోటి మంట చేసిన పాపమిది.

విచారణ ముగిశాక అడిగితే, అది మూడో వ్యక్తి సొంత సమాచారం, ఇవ్వం అన్నారు. అప్పీలు రోజు నల్లగొండ ఆఫీసులో ఆమె బల్ల అంచు పట్టుకొని నిలబడింది.

"కన్నది నేను, మట్టి చేసింది నేను. నా కొడుకు నాకు మూడో మనిషెట్లయితడు సారూ?"

అప్పీలు వినే అధికారి తల ఎత్తలేదు. "చట్టం గట్లుందమ్మా" అన్నాడు.

తిరుగు బస్సులో నేను శాపాలు పెడుతుంటే నా మోకాలి మీద చెయ్యి వేసింది. "ఊకో. ఆయనకూ తల్లుంటది."

ఆమె పోయిన మూడో రోజు పిట్టకు పెట్టాం; కాకి ముడితే పోయినవాళ్ళు తృప్తిపడ్డట్టు. విస్తరిలో అన్నం, మాంసం, ఆమెకిష్టమైన ఉడకేసిన గుడాలు. కాకి వచ్చింది కానీ ముట్టలేదు. ఏదో కోరిక మిగిలిందన్నారు.

"నువ్వు చెప్పు సామీ, నీ మాటైతే ఇంటది" అంది ఆమె చెల్లెలు.

గంటలు గంటలు ప్రవచనం చెప్పే నేను విస్తరి ముందు కూర్చున్నాను. "పెద్దమ్మా, గా పేజీ ఇగ నా పేరు మీద అడుగుత" అన్నాను.

కాకి విస్తరి చుట్టూ ఒకసారి నడిచి, దూరంగా జరిగి నిలబడింది. ఎండకు మెతుకులు బిరుసెక్కుతున్నాయి. ఎవరమూ లేవలేదు.